కీ లేని ప్రశ్న

ఆ స్కూల్లో ఆవిడని అసలు పేరుతో పిలిచేది హెడ్‌మిస్ట్రెస్ ఒక్కరే. మిగతా అందరికీ ఆవిడ అరమార్కు టీచరు. లెక్క మొత్తం పొల్లుపోకుండా చేసి, చివర సెంటీమీటర్లనో కిలోలనో రాయడం మరిచిపోతే చాలు, అర మార్కు కోసేస్తుంది. "పన్నెండు అని రాశావు సరే. పన్నెండు ఏమిటి నాయనా? మేకలా, మైళ్ళా?" అంటుంది. పదిహేనేళ్ళలో ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డా ఆ అర మార్కు తిరిగొచ్చిన దాఖలా లేదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద తెల్లకాగితాలు పరుచుకుని డాక్టరు గారికి ప్రశ్నపత్రం తయారుచేస్తోంది. ఆపరేషన్ ఇంకా పన్నెండు రోజులుంది. బుధవారం ఒకసారి రమ్మని, "ఏమైనా సందేహాలుంటే రాసుకుని రండి" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఎవరితో అంటున్నదో పాపం ఆవిడకేం తెలుసు.

జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది దారితప్పి బయట, అండాశయాల మీదా వాటి వెనకా పెరుగుతుంది. నెలనెలా లోపలి పొరతో పాటు అదీ ఉబ్బుతుంది, రక్తమోడుతుంది, కానీ ఆ రక్తం బయటికి పోయే దారి ఉండదు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా మూడు రోజులు టీచరు బల్ల అంచు పట్టుకుని పాఠం చెప్పేది. "ఆడవాళ్ళకి ఇది మామూలే" అని ముగ్గురు డాక్టర్లు తేల్చేశారు. మామూలైనది మామూలుగా ఉండాలి గదా, బల్ల అంచు ఊడొచ్చేలా పట్టుకోవడం ఏం మామూలు! నాలుగో డాక్టరు ఈ డాక్టరమ్మ. స్కాన్ తీయించి, రెండు అండాశయాల్లోనూ గడ్డలున్నాయని చెప్పింది. లోపల గట్టిపడ్డ పాత రక్తం రంగుని బట్టి వాటిని చాక్లెట్ సిస్టులంటారట.

"ఇంత పాడుదానికి అంత తియ్యటి పేరు పెట్టినవాడెవడే అమ్మాయ్? వాణ్ణి ముందు తన్నాలి" అంది అత్తగారు.

టీచరు నవ్వింది గానీ, ఆవిడ మనసు 'రెండు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆవిడకి ముప్పై ఆరు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మొదటి ఐదేళ్ళు పిల్లల కోసం ఎదురుచూసి, తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు. అక్కర్లేక కాదు. ఎత్తితే రెండోవాళ్ళు ఎక్కడ నొచ్చుకుంటారో అని. ఇప్పుడు తను మత్తులో ఉండగా లోపల చూసి, పరిస్థితి బాగాలేదని రెండు అండాశయాలూ తీసేస్తే? కళ్ళు తెరిచేసరికి సంగతి తేలిపోయి ఉంటే? ఆవిడకున్న అసలు భయం ఇదొక్కటే. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగే ఉపగ్రహాలు. అయినా ఉపగ్రహాలన్నీ కాగితం మీదకి ఎక్కాయి గానీ, ఇది ఎక్కలేదు.

ఎక్కినవి ఎలా ఎక్కాయో చూడాలి. సెక్షన్ ఎ, ఒక్క మాటలో జవాబు: ఆపరేషన్ ఎంతసేపు? గాట్లెన్ని, ఒక్కొక్కటి ఎంత పొడవు? సెక్షన్ బి, క్లుప్తంగా: ముందురోజు ఎప్పటినుంచి ఏమీ తినకూడదు? ఏయే మందులు ఆపాలి? ఎన్ని వారాలకి స్కూలుకి వెళ్ళొచ్చు? సెక్షన్ సి, విపులంగా: జబ్బు మళ్ళీ రాదని నమ్మకమేమిటి? ప్రతి ప్రశ్నకీ ఎదురుగా మార్జిన్లో మార్కులు.

భర్త లిఫ్టు మెకానిక్. చేతులు తుడుచుకుంటూ వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు.

"కరెంటు పోతేనో?"

"హాస్పిటల్లో జనరేటరు ఉండదాండీ?"

"ఉంటుంది. పోయాక ఎన్ని సెకన్లకి అందుకుంటుందో అడుగు. మనుషులు ఇరుక్కునేది ఆ సందులోనే. రోజూ చూస్తున్నాగా."

సెకన్లు అని యూనిటుతో సహా చెప్పినందుకు టీచరుకి ముచ్చటేసింది. వెంటనే రాసుకుంది. ఈలోగా అత్తగారూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొట్టలోకి గ్యాసు పంపి ఉబ్బిస్తారట కదా. పనయ్యాక అది ఎటునుంచి పోతుందో కనుక్కో. నలుగురిలో ఉన్నప్పుడు పోతే పరువేం కాను?"

"అత్తయ్యా, అది ఆ గ్యాసు కాదు."

"ఏ గ్యాసైనా గ్యాసే. అడగందే అమ్మైనా పెట్టదు, రాసుకో."

టీచరు రాసుకుంది. దానికి రెండు మార్కులు.

సాయంత్రానికి ఇరవై రెండు ప్రశ్నలు తేలాయి. చేతికి అలవాటైపోయిన పని కాబట్టి, ఇంకో కాగితం తీసి వాటికి జవాబుల కీ కూడా రాసేసింది. ఆ స్కూల్లో కీ లేని ప్రశ్నపత్రం అచ్చుకి వెళ్ళదు. నెల రోజులుగా హాస్పిటలు వాళ్ళిచ్చిన పుస్తకం అట్టలు ఊడేలా చదివింది, తెలిసిన నర్సుని వేపుకు తింది, కాబట్టి కీ రాయడానికి ఎక్కడా తడుముకోలేదు. జనరేటరు దగ్గర మాత్రం 'పదిహేను సెకన్ల లోపు, మావారి అంచనా' అని బ్రాకెట్లో పెట్టింది.

ఆ స్కూల్లో ఇంకో పద్ధతి ఉంది. ఒకరు చేసిన పేపరు ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. అరమార్కు టీచరు పేపర్లు చూసేది సైన్సు టీచరు. ఇద్దరూ చదువుకునే రోజుల నుంచీ స్నేహితులు. సైన్సు టీచరు నోట్లో నువ్వుగింజ నానదు గానీ, అందులోకి వేసిన బిస్కెట్టు మాత్రం బాగానే నానుతుంది. సోమవారం స్టాఫ్‌రూమ్‌లో బిస్కెట్లు టీలో ముంచుకుంటూ పేపరు చదివింది. తర్వాత కీ చదివింది. తర్వాత బిస్కెట్టు పక్కన పెట్టింది. అది మామూలు విషయం కాదు.

"ఏవే, ఇరవై రెండు ప్రశ్నలకీ కీ ఉందేమిటే?"

"ఉండాలిగా మరి."

"నీకు జవాబులన్నీ తెలిసినప్పుడు ఆవిడ దగ్గరికి దేనికి? పాసవుతుందో ఫెయిలవుతుందో చూద్దామనా?"

"తెలియని ప్రశ్న పేపర్లో ఎలా పెడతానే? పదిహేనేళ్ళలో ఒక్కటి పెట్టానా?"

"అదే నీ రోగం. ఎండోమెట్రియోసిస్ తర్వాత రెండోది." సైన్సు టీచరు కాగితం వెనక్కి నెట్టింది. "నేను సంతకం పెట్టను. నీకు జవాబు తెలియంది ఒక్కటంటే ఒక్కటి రాసి తీసుకురా, అప్పుడు పెడతా."

టీచరు పెన్ను తీసింది, 'ఇరవై మూడు' అని అంకె వేసింది, గంట కొట్టారని లేచి వెళ్ళిపోయింది. గంట నిజంగానే కొట్టారు. కానీ మంగళవారం ఏ గంటా అడ్డు రాలేదు, అయినా ఆ అంకె పక్కన ఏమీ పడలేదు. రాస్తే నిజమైపోతుందన్నట్టు పిరికితనం. పిల్లలు ఖాళీ జవాబుపత్రం ఇస్తే గంటసేపు నిలబెట్టే మనిషి!

బుధవారం డాక్టరమ్మ గదిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చున్నారు. బల్ల మీద గర్భసంచి ప్లాస్టిక్ బొమ్మ ఒకటి, విడదీసిన ముక్కలుగా పడి ఉంది. మెకానిక్ చేతులు ఊరుకోవు. కూర్చున్న నిమిషానికే ఆ ముక్కలు తీసుకుని ఏది ఎందులోకి పోతుందో చూడ్డం మొదలుపెట్టాడు.

టీచరు ప్రశ్నలు చదివింది, డాక్టరమ్మ చెప్పింది, టీచరు కీతో సరిపోల్చి టిక్కు పెట్టింది.

"స్కూలుకి ఎప్పుడు వెళ్ళొచ్చండీ?"

"రెండు నుంచి నాలుగు."

"రెండు నుంచి నాలుగు ఏమిటండీ?"

"వారాలమ్మా!"

టీచరు ఏదో చిన్నగా రాసుకుంది. డాక్టరమ్మకి తెలియదు గానీ, అక్కడ ఆవిడకో అర మార్కు పోయింది. జనరేటరు ప్రశ్నకి డాక్టరమ్మ ఫోను చేసి కనుక్కుని మరీ పది సెకన్లని చెప్పింది. మెకానిక్ బొమ్మ మీంచి తలెత్తి, "బాగుందండీ" అన్నాడు, ఆవిడకి ఉద్యోగమిస్తున్నట్టు. గ్యాసు ప్రశ్నకి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. చాలావరకు ఆపరేషన్ చివర గాట్లలోంచే వదిలేస్తారట, మిగిలింది ఒంట్లోనే ఇంకిపోతుందట, రెండు రోజులు భుజాలు లాగొచ్చట. "మీ అత్తగారి పరువుకేం ఢోకా లేదని చెప్పండి" అంది.

ఇరవై రెండూ అయ్యాయి. డాక్టరమ్మ ఒక ఫారం ముందుకి జరిపింది. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు పేషెంటు సంతకం పెట్టాల్సిన కాగితం. అడుగున 'ప్రత్యేకంగా చెప్పదలచినవి' అని రాసి, రెండు గీతల ఖాళీ ఉంది.

టీచరు పెన్ను ఫారం మీద పెట్టింది. పెన్ను కదల్లేదు. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేనని తెలిసింది. సెక్షన్ లేదు, మార్కులు లేవు, మాట దానంతటదే బయటపడింది.

"లోపల బాగా పాడైపోయి ఉంటే, నన్ను అడక్కుండా రెండూ తీసేస్తారా?"

పక్కన ప్లాస్టిక్ ముక్కల చప్పుడు ఆగిపోయింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీరడక్కపోతే నేనే అడిగేదాన్నమ్మా. గడ్డ పొరని ఒలిచేసి అండాశయాన్ని ఉంచాలనే చూస్తాం. మీకు అలాగే అవుతుందని నా ఆశ. కానీ ఉంచలేనంతగా పాడైతే రెండు దారులు. అప్పుడే తీసేస్తే, మళ్ళీ నొప్పి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది, కానీ పిల్లలు కష్టం, మిగతా ఇబ్బందులూ ఉంటాయి. లేదూ, ఆపేసి బయటికొచ్చి, మీకు మెలకువ వచ్చాక మాట్లాడుకుందామంటే, నొప్పి కొంత ఉండిపోవచ్చు, ఇంకోసారి ఆపరేషన్ కావచ్చు. ప్రాణం మీదకొస్తే మాత్రం అడిగే వ్యవధి ఉండదు. అది తప్పితే మిగతాది మీరు ఎలా చెబితే అలా."

"మీరైతే ఏం చేస్తారండీ?"

"కోయడం కుట్టడం నాకు తెలుసు. ఇది మాత్రం నాకు తెలియదమ్మా." డాక్టరమ్మ లేచింది. "వార్డులో ఒకరిని చూసి పదిహేను నిమిషాల్లో వస్తాను. ఇద్దరూ మాట్లాడుకోండి."

తలుపు మూసుకుంది. బరువు తూచే మిషను, గోడ గడియారం, వీళ్ళిద్దరూ మిగిలారు. మెకానిక్ చేతిలో చిక్కుడుగింజ కన్నా కాస్త పెద్దదైన ప్లాస్టిక్ అండాశయం ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

"ఏమండీ, మీకు పిల్లలు కావాలా?"

నాలుగేళ్ళ తర్వాత ఆ మాట మళ్ళీ వాళ్ళ మధ్యకి వచ్చింది. ఆయన ఏమంటాడో ఆవిడకి నిజంగా తెలియదు.

"కావాలి" అన్నాడు. అని, కంగారుగా, "లేకపోతే బతకలేనని కాదు. నువ్వు నొప్పితో గోడ పట్టుకుని నడుస్తుంటే, ఇది పోతే చాలు, ఇంకేం అక్కర్లేదనిపిస్తుంది. అదీ నిజమే, ఇదీ నిజమే. ఏది ఎక్కువ నిజమో అడక్కు, నాకు తెలీదు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నీకు వద్దేమో, నేను అడిగి సతాయించడమెందుకని."

"మీకు ఇక అక్కర్లేదేమో, నేను ఏడ్చి లాభమేంటని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడకి ముందు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది, ఏది ఆపాలో తెలియక రెండింటినీ వదిలేసింది. ఆయన జేబురుమాలు తీశాడు. దానికి గ్రీజు మరకలుంటే మళ్ళీ జేబులో పెట్టుకుని, చేత్తోనే ఆవిడ మొహం తుడిచాడు.

"నాకూ కావాలండీ" అంది టీచరు. "కానీ నొప్పొచ్చిన రోజు మాత్రం అన్నీ పీకి పారేయండి బాబూ అనిపిస్తుంది. ఆ రోజు అడిగితే ఒకటి చెప్తాను, ఇవాళ అడిగితే ఇంకోటి చెప్తాను. నేనేం టీచర్నండీ?"

"ఇందులో నువ్వు టీచరువి కాదులే" అన్నాడాయన. "నీ ఒంటి సంగతి. నువ్వేం రాస్తే దానికి నేనున్నాను. రెండుసార్లు కోయాల్సొస్తే రెండుసార్లూ సెలవు పెడతాను."

ఆవిడ ఫారం దగ్గరికి లాక్కుంది. ఆ రెండు గీతల మీద, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా రాసింది.

డాక్టరమ్మ వచ్చి ముందు బల్ల వంక చూసింది. బొమ్మ పూర్తిగా అతుక్కుని నిలబడి ఉంది. "దీని ముక్కలు ఇక్కడ ఎవరికీ కుదిరేవి కావు" అని ఆశ్చర్యపోయి, తర్వాత ఫారం చేతిలోకి తీసుకుంది. 'ప్రాణాపాయం ఉంటే తప్ప, నాకు మెలకువ వచ్చి నేను చెప్పేదాకా నా అండాశయాలు రెంటిలో ఏదీ తీయవద్దు' అని ఉంది.

"నొప్పి మిగిలిపోవచ్చన్నాను, మళ్ళీ ఆపరేషన్ ఉండొచ్చన్నాను. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండీ."

"మరి అప్పుడు లేపి అడిగితే ఏం చెప్తారు?"

"తెలీదండీ" అంది టీచరు. ఆ మాట ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆవిడే అనుకోలేదు. "మీరు అడగండి. అప్పుడు చెప్తాను."

ఫారం వెనక్కి తీసుకుని సంతకం పెట్టింది.