డెస్ రేడియేటర్లో మబ్బులు

రోజూ పొద్దున్నే ఎర్విన్ ఇంటి పక్కనున్న నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి, రేకు మీద వేలి కణుపులతో పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చేవాడు. ఖంగుమంటే ఖాళీ, మొద్దుగా పలికితే నీళ్ళు. చప్పుడు మారిన చోట సుద్దముక్కతో గీత గీసేవాడు. వాడుకున్నది పోను, నిన్నటి గీతకన్నా ఇవాళ్టిది ఎంత కిందికి దిగిందో చూసుకుని, పళ్ళు నూరుకుంటూ వంటింట్లోకి వచ్చేవాడు.

"ఎవడో తోడుకుపోతున్నాడు."

ఎవడో అంటే ఎవడో కాదు, కంచె అవతలి డెస్. ఆ సంగతి నోలాకీ తెలుసు. ఆవిడ మొగుడి ముందు టోస్టు పెట్టి, దాని మీద పాషన్ ఫ్రూట్ గుజ్జు పూస్తూ, పెరట్లో తీగ ఈ ఏడు విరగకాసిందనీ, తినేవాళ్ళు లేక పళ్ళు రాలిపోతున్నాయనీ మాట మార్చేది. ఒక్కోరోజు మాత్రం ఊరుకునేది కాదు.

"పాము కరిచి నేను నురగలు కక్కుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ మనిషే. అదీ ఒక గీత గీసి పెట్టుకో" అనేది.

ఎర్విన్‌కి ఆ మాట కంట్లో నలుసులా ఉండేది. అది జరిగింది ఆఖరి వాన కురిసిన రోజున. ఆ తర్వాత మూడేళ్ళుగా చుక్క రాలలేదు. డెస్ వైపు మడుగు ఎండి బీటలు వారింది. అతని ఆవులు రెండు పొలాల మధ్య గేటు దాటి ఎర్విన్ బోరు తొట్లలో తాగి వెళుతున్నాయి. ఆ బోరు నీళ్ళు ఉప్పన, పశువులకే పనికొస్తాయి. ట్యాంకులోవి మనుషుల నీళ్ళు, వాన లేక లారీలో కొని తెచ్చి పోయించుకుంటున్నవి. పశువులకి నీళ్ళిచ్చినవాడి ఇంట్లోనే మంచినీళ్ళు తోడుకుపోతే మనిషనేవాడికి మండదా?

ఆ ప్రాంతంలో గేట్లకి ఒక మర్యాద ఉంది. తెరిచి ఉన్నది తెరిచే వదలాలి, మూసి ఉన్నది మూసే వెళ్ళాలి. ఇరుగు పొరుగుల మధ్య గేటుకి తాళం పడిందంటే మాత్రం ఆ మనిషిని కాదనుకున్నట్టే, ఇక అడగడానికేం ఉండదు. మధ్య గేటు మూస్తే డెస్ ఆవుల్ని లారీలకెక్కించి అయినకాడికి అమ్ముకోవాలి. తండ్రి సమాధి ఉన్న నేలని వదిలేసి పోవాలి. ఎర్విన్‌కి అదంతా తెలుసు. తెలిసే, పోయిన నెల దగ్గర్లోని బిండరా ఊళ్ళో గొలుసూ తాళం కొని, వెనక సరుకుతొట్టి ఉండే తన యూట్ బండి‌లో సీటు కింద పడేశాడు. నోలా నోరు మూయించడానికి ఒక్క రుజువు దొరకాలి, అంతే.

బిండరాలో రుజువంటే బండ్లు బాగుచేసే పెర్ల్ షెడ్డే. బండి రేడియేటర్లోంచి వంచిన నీళ్ళు, తమని ఏ ఆకాశం కింద తోడారో ఆ ఆకాశాన్నే చూపిస్తాయి కదా. తోడినవాడి టోపీ అంచు కూడా ఓ పక్కన పడుతుంది. ఇంట్లో చెప్పకుండా గుర్రప్పందాలకి పోయేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేముందు బండి ఆపి నీళ్ళు మార్చుకునేది అందుకే. దొంగనీళ్ళు తోడినవాడు కొన్నయినా తన బండిలో పోసుకోకుండా ఉంటాడా అన్నది ఎర్విన్ లెక్క.

కోరుకున్నట్టే ఒకరోజు డెస్ పాత యూట్ మధ్య గేటు దగ్గర ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. ఎర్విన్ ఎన్నడూ లేనంత ప్రేమగా తాడు కట్టి, దాన్ని తనే పెర్ల్ షెడ్డుదాకా లాక్కొచ్చాడు.

పెర్ల్ అరవై దాటిన మనిషి, చేతులకెప్పుడూ గ్రీజే. ఆవిడ ముందు రేడియేటర్ రెక్కల్లోకి చూసింది. గడ్డిగింజలు, మిడతలు ఇరుక్కుంటే గాలి ఆడక బండి ఉడుకుతుంది, కానీ అవి శుభ్రంగానే ఉన్నాయి. అంచుల వెంట వేలు పెట్టి రాసింది. "కారితే మరక ఉంటుంది. ఎంత చిన్న చిల్లయినా మరక పెట్టకుండా కారదు. దీనికి మరక లేదు" అంది. తర్వాత పై గొట్టాన్నీ కింది గొట్టాన్నీ ఒక్క క్షణం తాకి చూసింది.

"పైన కాలుతోంది, కింద చల్లగా ఉంది. నీళ్ళు దిగడం లేదు. లోపల పూడిపోయింది, వంచి కడగాలి."

డెస్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "వంచకుండా కుదరదా పెర్ల్?"

దొరికాడు అనుకున్నాడు ఎర్విన్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే మరి.

"పేగులు పూడిపోయాక కడుపు కడక్కుండా ఎలా నాయనా?" అంది పెర్ల్.

వేడి మీద మూత తీస్తే మొహం కాలిపోతుంది కాబట్టి ముగ్గురూ టీ తాగుతూ కూర్చున్నారు. ఎర్విన్ అడగని కబుర్లన్నీ చెప్పాడు. నడుమ నడుమ, ఎండాకాలం మీ ఇంట్లో మంచినీళ్ళకి ఇబ్బందేం లేదు కదా అని ఆరా తీశాడు. ఉన్నాయిలే, సరిపెట్టుకుంటున్నాం అన్నాడు డెస్. ఎలా సరిపెట్టుకుంటున్నారో ఇంకాసేపట్లో తేలుతుందిలే అనుకున్నాడు ఎర్విన్. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా, ఆ పూట అది అతని పక్కనే కూర్చుని టీ తాగింది.

పెర్ల్ కిందికి పళ్ళెం తోసి మర తిప్పింది. తుప్పు నీళ్ళు, డికాషన్ రంగులో, బుడబుడమంటూ దిగాయి. నురగ తగ్గి నీళ్ళు తేరుకున్నాక పళ్ళెంలో ముందుగా ఒక గాలిమర కనిపించింది. దాని తోకకి ఎర్రరంగు ఉంది.

ఎర్విన్ లేచి నిలబడ్డాడు. "అది నా ట్యాంకు పక్క గాలిమర. ఆ రంగు నేనే వేశాను. ఇవి నా ట్యాంకు నీళ్ళు. కళ్ళారా చూడు పెర్ల్."

"చూస్తూనే ఉన్నా. నువ్వే సరిగ్గా చూడటంలేదు."

ఎర్విన్ వంగి చూశాడు. గాలిమర వెనక ఆకాశం నల్లగా ఉంది. మబ్బుల మీద మబ్బులు, కడుపులు వేలాడేసుకుని, ఇప్పుడో ఇంకాసేపటికో మళ్ళీ కురిసేటట్టు ఉన్నాయి. ఓ పక్కన టోపీ అంచు. దానికి ఈమూ పక్షి ఈక గుచ్చి ఉంది. అది నోలా గుచ్చిన ఈక. నోలాతో ఆసుపత్రికి పోతూ వాగు దాటుతుంటే గాలికి ఎగిరి వరదలో కొట్టుకుపోయిన ఎర్విన్ సొంత టోపీ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తన బండి బురదలో దిగబడిపోయింది. నోలా గుమ్మంలో మెలికలు తిరుగుతోంది. కేక విని డెస్ పొలాలకి అడ్డంపడి వచ్చాడు. అతని బండి రేడియేటర్ రెక్కల నిండా బురద పట్టి నీళ్ళన్నీ ఉడికిపోయాయి. ట్యాంకు దగ్గరికి పరిగెత్తి, బకెట్టుతో తోడి, ఆ రేడియేటర్లో నీళ్ళు పోసింది ఎవరో కాదు, తనే.

"మూడేళ్ళ నాటి నీళ్ళా!" పెర్ల్ డెస్ మీద విరుచుకుపడింది. "బుద్ధుందా నీకు? తుప్పు పట్టక ఏమవుతుంది?"

"మార్చాలనే అనుకుంటూ వచ్చాను" అన్నాడు డెస్ నేల చూస్తూ. "ఆదివారం పూట ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూసేవాణ్ణి. మబ్బు ఇంకెక్కడా లేదు కదా."

ఎర్విన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మరి నా ట్యాంకులో నీళ్ళేమవుతున్నట్టు అని గొణిగాడు.

"ఇందాకే చెప్పాగా, కారితే మరక ఉంటుందని. చుట్టూ తిరిగి చూశావా, రోజూ తట్టిన పక్కే తట్టావా?" అంది పెర్ల్.

ఎర్విన్ ఇంటికెళ్ళి చూశాడు. ట్యాంకు వెనకవైపు, తను ఎన్నడూ పోని వైపు, పాషన్ ఫ్రూట్ తీగ రేకుని కప్పేసి పచ్చగా మిడిసిపడుతోంది. దేశమంతా ఎండిపోతుంటే అదొక్కటీ ఎందుకు పచ్చగా ఉందో మూడేళ్ళుగా అతనికి తట్టలేదు. ఆకులు పక్కకి తీస్తే అడుగు అతుకులో తుప్పు, తుప్పులో చెమ్మ. బుట్టతో వచ్చిన నోలా ఆ చెమ్మనీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. ఏమీ దెప్పలేదు. అతుకు వేసుకో గానీ తీగ జోలికి రాకు అని మాత్రం అంది.

ఈలోగా షెడ్డులో పెర్ల్ రేడియేటర్ పై డబ్బా అతుకు కరిగించి తీసి, గొట్టాల్లో సన్నటి ఊచ పోనిచ్చి తుప్పంతా పొడిచింది. మళ్ళీ అతికించి, మంచినీళ్ళలో తుప్పు పట్టనివ్వని కూలెంట్ కలిపి నింపింది. సాయంత్రం పొద్దు ఉండగానే డెస్ ఇంటిదారి పట్టాడు. పాత నీళ్ళు కాసిని పచ్చడి సీసాలో పట్టి బండి ముందద్దం దగ్గర పెట్టుకున్నాడు. సీసాలో మబ్బులు కదులుతున్నాయి.

మధ్య గేటు దగ్గర ఎర్విన్ చేతిలో గొలుసు కనిపించి బండి ఆపాడు. డెస్ మొహం పాలిపోయింది. ఎర్విన్ గేటుని బార్లా తెరిచి, కంచె గుంజకి ఆనించి, గొలుసు చుట్టి తాళం వేశాడు. ఇక ఎంత గాలికీ అది మూసుకోదు. తాళంచెవులు రెండూ తెచ్చి డెస్ చేతిలో పెట్టాడు.

"మూద్దామనే కొన్నాను" అన్నాడు.

"తెలుసు. పోయిన నెలే కొట్టువాడు చెప్పాడు."

"మరి నన్నొక్క మాట అడగలేదేం?"

డెస్ తాళంచెవుల్ని జేబులో వేసుకున్నాడు. "అడిగితే నిజంగానే మూసేస్తావేమోనని."

ఎర్విన్ కాస్త పక్కకి జరిగి ఆవులకి దారిచ్చాడు. డెస్ ఆవులు అతన్ని రాసుకుంటూ గేటు దాటి తొట్ల వైపు వెళ్ళాయి.