పద్నాలుగో నంబరు మెట్టు

లండన్ రేవుల పక్కన మా పెంబర్ వీధిని కూల్చేస్తామని 1951లో మా పేట పురపాలక ఆఫీసు, అదే బరో ఆఫీసు, నోటీసు అంటించింది. కూల్చమని పదేళ్ళు గొంతు చించుకున్నదాన్ని నేనే. గోడల నిండా నల్లులు, ఆరిళ్ళకు ఒక కుళాయి. కూల్చండి. కానీ మనుషులకు మార్కులు వేయడమేమిటి? ఆఫీసావిడ ఇల్లు చూసి 'శుభ్రం' అని రాస్తే కొత్త ఫ్లాటు. లేదంటే ఎవరో వదిలేసిన పాత బ్లాకులో ఇరుకు వాటా. ఒంటరి ముసలిదానికి మతి చెడిందని రాస్తే వృద్ధుల వార్డు. అది ఒకప్పుడు దిక్కులేనివాళ్ళను పడేసిన కొట్టం. దాని గేటు పేరెత్తితే మావాళ్ళు వణికిపోతారు.

పన్నెండో నంబరు క్వీనీ అత్తకు ఆ భయమే. రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని తన వాకిలి మెట్టు కడిగి, తెల్లబడేలా సుద్దలాంటి తెల్లరాయి రుద్దేది. మా వీధిలో ఆడదాని పరువంతా ఆ తెలుపే. తర్వాత పక్కకు జరిగి పద్నాలుగో నంబరు మెట్టూ రుద్దేది; మా వరసలో అన్నీ సరి నంబర్లే. పద్నాలుగో నంబరుకు ఇల్లు లేదు. యుద్ధంలో బాంబు పడి లిల్, ఆమె ముగ్గురు పిల్లలు పోయారు. మెట్టొకటి మిగిలింది. దాని వెనక పిచ్చిమొక్కలు.

"రేపు ఆఫీసావిడ వస్తోంది అత్తా. ఆ మెట్టు జోలికి పోకు."

"లిల్ ఏమనుకుంటుందే?"

"లిల్ ఏమీ అనుకోదు. నిన్ను మాత్రం వార్డులో పడేస్తారు. రాయి ఇటివ్వు. పొద్దున నీ మెట్టు నేనే రుద్దుతా."

"నువ్వా? నీ మెట్టు చూస్తే కుక్క కూడా పక్కనుంచి పోతుంది, ఫ్లో!" అంటూనే ఇచ్చింది.

రాయిని సొరుగులో పెట్టి తాళం వేశాను. తెల్లారి తీస్తే తడిగా ఉంది. మా గోడలకు చెమ్మ ఎక్కువలే అనుకుని వీధిలోకి వచ్చాను.

పద్నాలుగో నంబరు మెట్టు తెల్లగా మెరుస్తోంది. ఇంకా ఆరలేదు.

"నేను కాదే, ఒట్టు!" అంది క్వీనీ అత్త. చెరిపే వ్యవధి లేదు. ఆఫీసావిడ మిస్ టిండల్ కాగితాల అట్టతో మలుపు తిరిగింది.

"ఇల్లే లేదు. ఈ మెట్టు ఎవరు రుద్దారు?"

"లిల్..." అని అత్త నోరు తెరిచింది.

"నేనే" అన్నాను. "రోజూ రుద్దుతాను. లోపల లిల్ ఉంది కదా మేడం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చాలాసేపు రాసింది. మొగుడున్నదాన్ని గనక వార్డుకు పంపలేదు. పాత బ్లాకు ఇచ్చారు. క్వీనీ అత్తకు నాలుగో అంతస్తులో కొత్త ఫ్లాటు వచ్చింది. దానికి మెట్టు లేదు.

ఆదివారం వెళ్తే కిటికీలోంచి చూస్తూ అదే అడుగుతుంది. "ఇప్పుడెవరు రుద్దుతున్నారే?"

"ఎవరూ లేరత్తా. అంతా చదును చేసేశారు."

అబద్ధం చెబుతాను. ఇటుకల గుట్టల మధ్య ఆ మెట్టొక్కటే మిగిలింది, తెల్లగా. రాయి నా సొరుగులోనే ఉంది. తాళం వేసే ఉంచాను. వారం వారం అరిగిపోతోంది.