కొండల కళ్ళు

మా దుర్మితోర్ కొండల మీద సరస్సుల్ని సరస్సులని అనం, కళ్ళంటాం. వాటిలో రాయి వేసిన పిల్లల వీపు విమానం మోత మోగుతుంది.

ఆ వేసవిలో మా గొర్రెల మకాం దగ్గరికి కింది హోటల్ మనిషి ఒకడొచ్చాడు. లోతు చూడ్డానికి కాబోలు, వచ్చీరాగానే నీళ్ళలోకి రాయి విసిరాడు. ఉన్ని వడుకుతున్న మా అత్త మిలుంక తలెత్తి చూసింది.

"ఈ నీళ్ళు కిందికి తోడుకుంటాం మామ్మా. చలికాలం మంచు పడకపోతే, స్కీయింగ్ చేసేవాళ్ళకి మేమే మంచు తయారుచేసి చల్లాలి."

"మరి కన్ను ఎండిపోదూ?"

"ఎండితే ఎండనీ. ఈ కొండల నిండా ఇవేగా! ఒక్కటి పోతే ఏం కొంప మునుగుతుంది?"

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే అత్త లేచి, కదురు మొన వాడి ముఖానికి జానెడు దూరంలో పెట్టింది.

"నీకూ రెండున్నాయిగా నాయనా. ఏది ఇస్తావో నువ్వే చెప్పు."

వాడు నవ్వబోయాడు. అత్త నవ్వలేదు. వాడు వెనక్కి వెనక్కి నడిచి జీపెక్కాడు.

"ఇంకోడొస్తాడత్తా," అన్నాను.

అత్త మళ్ళీ బండ మీద కూర్చుని కదురు తిప్పింది.

"రానీ. వాడికీ రెండే ఉంటాయి."