రెండో కంప్యూటరు

మా ఇంట్లో తాళంకప్పలకు కొదవ లేదు. బీరువాకు ఒకటి, జరీ పెట్టెకు ఒకటి, పట్టు నూలు దాచే గూటికి కూడా ఒకటి. అన్నీ నేను కొనితెచ్చినవే. నా నోటికి కూడా ఒకటి దొరికితే బాగుండునని మా ఆయన నాగరాజు మగ్గంలో కూర్చుని ఎగతాళి చేస్తుంటాడు. నేను పట్టించుకోను. ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే మనిషి ఊరందరినీ నమ్మితే బతకలేదు. ఒక అంచు గీసేసరికి కండ్లు లాగేస్తాయి. దాన్ని కాపీ చేయడానికి పెన్‌డ్రైవు పెట్టి తీసేంత సేపు చాలు.

ఆ సంగతి నాకు నేర్పినవాడు వెనక వీధి దేవేంద్ర. అతనూ నేతగాడే. కొన్నేళ్ళ కిందట మా డిజైన్లన్నీ ఒకే పెన్‌డ్రైవులో వేసుకుని అట్టలు కొట్టే షాపుకు వెళ్ళాను. కంప్యూటర్లో గీసిన బొమ్మను బట్టి అక్కడ అట్టలకు రంధ్రాలు వేస్తారు. ఆ అట్టల దండను మగ్గం పైన కడితే, అది చెప్పినట్టు పోగులు లేచి చీరలో బొమ్మ పడుతుంది. ఆ రోజు దేవేంద్ర కూడా షాపులోనే కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్ళకు చూస్తే అతని మగ్గం మీద మా చింతపువ్వు అంచు. నేను వాళ్ళ గడప ముందు నిలబడి, వీధంతా వినేట్టు దొంగ అన్నాను. అతను తల దించుకుని నేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత రెండిండ్లకూ మాటలు లేవు.

అప్పటినుంచి షాపువాళ్ళు మా ఫైళ్ళు తుడిచేదాకా నేను వాళ్ళ వెనకే నిలబడేదాన్ని. ఇంట్లో కూడా వేరే కాపీ పెట్టుకోలేదు. ఇంకో కాపీ ఉంటే ఇంకొకడు ఎత్తుకుపోతాడని నా లెక్క.

నిజానికి ఆ చింతపువ్వు నాది కాదు, మా అత్త అంజనమ్మది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఆమె గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి డిజైన్లు గీసేది. ఒక గడికి ఒక పోగు. పసుపు రేకుల మీద ఎర్రటి ఈనెలున్న చింతపువ్వు, తూనీగ బుటాలు, కొంగు నిండా జొన్న కంకులు, అన్నీ ఆమె చూసి గీసినవే. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నన్ను వంటింట్లోకి పంపకుండా పక్కన కూర్చోబెట్టుకుని గళ్ళు లెక్కపెట్టడం నేర్పింది. ఈ రోజు నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆమె చలవే. ఇప్పుడు షుగరు వల్ల ఆమెకు వెలుతురూ నీడా తప్ప మరేమీ కనబడవు. ఆ కాగితాలన్నీ నేను కంప్యూటర్లోకి ఎక్కించాను. తర్వాత కాగితాలను చెదలు తినేశాయి. అంటే ఆమె గీసినదంతా ఇక ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంది.

మొన్న ఆషాఢంలో పెనుకొండ నుంచి ఒక పెండ్లివారు వచ్చి, ముహూర్తం చీరకు చింతపువ్వు అంచే కావాలన్నారు. తీరా చూస్తే కంప్యూటరు మొరాయిస్తోంది. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే శివకృష్ణకు ఫోను చేశాను. అతనిది హిందూపురం, మా ఊరు కాదు.

"యాంటీవైరస్ గడువు అయిపోయుంటాదిక్కా. మిషను ఈడికి తీసుకురా. మంచిది చూసి వేసిస్తా" అన్నాడు.

మంచిది చూసి వేస్తాడు, సరే. వేసేటప్పుడు తన పెన్‌డ్రైవు పెడతాడు కదా, మా డిజైన్లు దాంట్లోకి పోవని ఏమిటి నమ్మకం? నేనే చూసుకుంటాలే అని ఫోను పెట్టేశాను.

చూసుకోవడం మొదలుపెట్టాక తెలిసింది అదెంత కష్టమో. ఒకటి ఉచితమంటుంది, ఒకటి ఏడాదికింత కట్టమంటుంది, ఒకటి పిల్లల్ని కూడా కాపాడతానంటుంది. బత్తలపల్లి క్రాసులో బస్సు దిగితే ఆటోవాళ్ళు చుట్టుముట్టి పిలిచినట్టుంది. ఏది ఎక్కాలో తెలియక కూర్చుని ఉంటే, తెర దానంతటదే ఎర్రబడింది. మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, వెంటనే కాపాడుకోండి అని వచ్చింది. కింద తాళంకప్ప బొమ్మ. తాళం అంటే నాకున్న పిచ్చి తెలిసినవాడెవడో పెట్టినట్టే ఉంది. నాగరాజు పట్టు నూలు కోసం హిందూపురం పోయి ఉన్నాడు, ఆగమని చెప్పేవాళ్ళు లేరు. అది అడిగిన ప్రతిదానికీ సరే, సరే అని నొక్కాను.

కాసేపటికి ఫైళ్ళ పేర్లన్నీ గజిబిజిగా మారిపోయాయి. చింతపువ్వు తెరవబోతే తెరుచుకోలేదు. తూనీగ తెరుచుకోలేదు. మీ ఫైళ్ళు కావాలంటే డబ్బు కట్టమని ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది.

ఈసారి శివకృష్ణను నేనే బతిమాలి ఇంటికి పిలిపించాను. అతను చాలాసేపు చూసి తల గోక్కున్నాడు.

"ఇది కాపలా కాదక్కా. కాపలా వేషమేసుకోని వచ్చిన దొంగ."

"తెరిసేకి కాదా?"

"నా చేత కాదు. దుడ్లు కట్టినా ఇస్తారని నమ్మకం లేదు. కట్టొద్దు. ఇంగో కాపీ యాడన్నా ఉండాదా?"

నేను గోడ వైపు చూశాను. అప్పుడే హిందూపురం నుంచి వచ్చి చేతిసంచి దించుతున్న నాగరాజు నిమ్మళంగా అన్నాడు, "ఉండాది. దేవేంద్ర ఇంట్లో."

"ఆ గడప తొక్కేదానికంటే డిజైన్లు పోవడమే మేలు" అన్నాను. అన్నాక అత్త అక్కడే మంచం మీద ఉందని గుర్తొచ్చింది.

ఆమె కోపగించుకోలేదు. "పోతే పోనీలే పాపా. నా చేతిలో ఉండాది కదా, మళ్ళీ గీస్తా" అంది.

మర్నాడు పొద్దున పాలు కాచి వచ్చేసరికి ఆమె వసారాలో కూర్చుని ఉంది. ఒళ్ళో పీట, పీట మీద నా గ్రాఫు కాగితం. వేలితో గళ్ళు తడిమి చూస్తూ పెన్సిల్ నడుపుతోంది. గ్రాఫు కాగితం మీద గళ్ళు వేలికి తగలవు. గీత గళ్ళు దాటి, కాగితం దాటి, పీట మీదికి పోయింది. ఆమెకు అది తెలియలేదు. "రేకు కుదిరిందా, చూడు" అని కాగితం నాకు చాచి చూపించింది.

"బాగుందత్తా" అన్నాను. చెప్పులేసుకుని నేరుగా దేవేంద్ర ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసిన అతని భార్య భవాని నన్ను చూసి పక్కకు జరిగింది. దేవేంద్ర మగ్గంలోనే ఉన్నాడు. దారి పొడుగునా ఎన్ని మాటలో కూర్చుకున్నాను. అక్కడికి పోయాక అవన్నీ వదిలేసి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అత్త గీసిన గీత పీట మీదికి పోయిందని కూడా చెప్పాను.

అతను లేచి చేతులు తుడుచుకుని కంప్యూటరు ఆన్ చేశాడు. "నువ్వు ఆ పొద్దు అట్ల అన్నంక తీసేద్దామనుకుంటి వదినా. పెద్దమ్మ గీసిండేది, తీసేదానికి చేయి రాలే" అన్నాడు.

తెర మీద చింతపువ్వు విచ్చుకుంది. తూనీగలు, జొన్న కంకులు, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత నేను గీసినవి లేవు. అవి పోయినట్టే. నా కండ్లు బాగున్నాయి, మళ్ళీ గీసుకుంటాను.

"నువ్వు చేసింది దొంగతనమే. అది నేను మర్చిపోను" అన్నాను. నా బుద్ధి అది, ఏం చేయను. "అయినా దేవేంద్రా, నీ మేలు కూడా మర్చిపోను."

"కాపీ చేసింది తప్పే వదినా" అన్నాడు. పెన్‌డ్రైవు నా చేతిలో పెడుతూ అడిగాడు, "పెద్దమ్మకు కండ్లు బొత్తిగా కనపడవా?"

తల ఊపాను. భవాని మంచినీళ్ళు తెచ్చిస్తే తాగాను. ఆ ఇంట్లో నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో.

శివకృష్ణ మా మిషనును పూర్తిగా తుడిచి, డిజైన్లు మళ్ళీ ఎక్కించాడు. విడిగా ఒక డిస్కులో కూడా వేసి బీరువాలో పెట్టమన్నాడు. ఈసారి అతని పెన్‌డ్రైవు వైపు నేను చూడనే లేదు. యాంటీవైరస్ విషయంలో మాత్రం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాను. తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే తీసుకోవాలన్నాడు. ఎప్పటికప్పుడు దానంతటదే కొత్తది చేసుకునేది అయితే మేలన్నాడు. తెరమీద ఎర్రగా అరిచేదాన్ని నమ్మొద్దన్నాడు.

"ఒక మిషనుకు తీసుకుందామా అక్కా? రెండు మిషన్లకు ఇచ్చేది కూడా ఉండాది."

"రెండిటికీ" అన్నాను.

"ఉండేదొకటే కదే?" అన్నాడు నాగరాజు.

ఆ మధ్యాహ్నం దేవేంద్ర ఇంట్లో కూర్చుని, శివకృష్ణ ఫోనులో చెబుతుంటే రెండోదాన్ని అతని కంప్యూటర్లో వేశాను. అది లోపలంతా వెతికి, పట్టుకున్న వైరస్ పురుగుల్ని ఒక్కొక్కటే చూపిస్తుంటే దేవేంద్ర నోరు తెరిచి చూశాడు. చింతపువ్వుకు ఏమీ కాలేదు. నేను తెరిచి చూసుకుని, మూసి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అత్త నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"యాడికి పోయింటివే?"

"మన డిజైన్లకు తాళమేసొస్తి అత్తా."

"మన డిజైన్లు ఈడే కదా ఉండేది?"

"దేవేంద్ర ఇంట్లో గూడా ఉండాయి."

అత్త చేయి చాచి నా చేయి వెతికి పట్టుకుంది. "అట్లయితే నేనింక గీయనక్కర్లే" అంది.