గిటారుకు పెట్టిన బొట్టు

దసరా నాడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆయుధపూజ చేయకపోతే కొంపలేం మునిగిపోవు. కానీ ఆ మాట శ్రావ్యకు ఎవరు చెప్పగలరు? కరోనా వచ్చాక ఆ పిల్ల చదువూ స్నేహాలూ అన్నీ ల్యాప్‌టాప్‌లోనే. అందుకని ముందు దానికి బొట్టు పెట్టింది. తర్వాత రైస్ కుక్కర్‌కు, సైకిల్‌కు. అదే ఊపులో గోడకు ఆనించి ఉన్న గిటారుకు కూడా తడి పసుపు రాసి, మీద కుంకుమ అద్దేసింది.

ఆ గిటారు తనది కాదు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే లిండ్నర్ గారిది. వయొలిన్‌లా పొట్ట ఉబ్బి ఉండే పాతకాలపు వాయిద్యం. ఆయన డాన్సు హాళ్లలో వాయించే రోజుల్లో అన్ని బాకాల హోరు మధ్య కూడా మైకు లేకుండా వినపడేదట. శ్రావ్య చవక గిటారు మోతను కింద నుంచి విని భరించలేక, ఆ పెద్దాయన దీన్ని తెచ్చి మెట్ల మీద పెట్టి, మాస్కు వెనక నుంచే తాళం నేర్పడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్లో ఆమెకు పెద్దదిక్కంటూ ఉన్నది ఆయనొక్కడే.

"రేపు తుడుస్తే పోతది తియ్యే" అంది రూమ్మేట్ శ్రీవల్లి.

పోలేదు. పాత వార్నిష్ పగుళ్లలోకి దిగి పసుపు పచ్చగా కూర్చుంది. శ్రావ్యకు అన్నం సయించలేదు. నమ్మి చేతిలో పెడితే ఇలా పాడుచేసినందుకు ఆయన ఇక తన మొహం చూడడని భయం. తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పొచ్చులే అని శ్రీవల్లి నచ్చజెప్పింది గానీ శ్రావ్య వినలేదు. గిటారు ఎత్తుకుని కిందికి దిగి తలుపు తట్టింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని మచ్చను చాలాసేపు చూశాడు. ఇదేమిటని అడిగాడు. మాకు అన్నం పెట్టే పనిముట్లకు ఏడాదికోసారి ఇలా దండం పెట్టుకుంటామని వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. ఎంత తుడిచినా పోలేదని కూడా చెప్పేసింది.

లిండ్నర్ గారు రెండు చేతులూ గుమ్మం దాటించి ఆమె ముందు చాపాడు. కీళ్లవాతంతో వేళ్లన్నీ వంకర్లు పోయి ఉన్నాయి.

"ఇన్నాళ్లూ నాకు అన్నం పెట్టినవి ఇవే. వీటికి కూడా పెడతావా?"

శ్రావ్య పైకి పరుగెత్తి కుంకుమ భరిణ తెచ్చింది. శానిటైజర్ రాసుకుని, ఒక్కో వేలూ పట్టుకుని బొట్టు పెట్టింది. చివరి వేలు అయిపోయినా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మార్చి నుంచి ఆ గుమ్మంలోకి ఎవరూ అడుగుపెట్టలేదని ఆమెకు తెలుసు. ఆమె కూడా వదల్లేదు.