ఎడమ స్పీకరు

నరేందర్‌కు సినిమా అంటే ప్రాణం. తెల్లాపూర్‌లో ఫ్లాటు చూడటానికి వెళ్లిన రోజు ప్రశాంతి వంటగది, నీళ్లు, గాలి వెలుతురు అన్నీ చూసుకుంటుంటే, అతను మాత్రం హాల్లో పొడుగాటి గోడ ముందు నిలబడిపోయాడు. "ఇగో, ఇక్కడ మన థియేటర్" అన్నాడు. ఆ ఒక్క గోడ కోసమే ఆ ఫ్లాటు కొన్నాడని వాళ్ల చుట్టాలు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

కొన్నాక ఆ గోడ ఏళ్ల తరబడి బోసిగానే ఉంది. బ్యాంకు వాయిదాలు, ఇంటి సామాను, చెల్లెలి పెళ్లి, ఎప్పుడూ ఏదో ఒకటి ముందుకొచ్చేది. ఇక ఈ ఏడు ఎలాగైనా పెట్టేయాలి అనుకుంటున్న సమయంలో ప్రశాంతి ఉద్యోగం మానేసింది. మాదాపూర్‌లో మంచి కంపెనీ, చేతి కింద పదిమంది. ఒక రోజు ఇంటికొచ్చి, "అలసిపోయిన, నరేందర్. కొన్ని రోజులు ఇంట్ల ఉంట" అంది. "సరే, నీ ఇష్టం" అన్నాడతను. పైకి అన్నాడు గానీ, లోపల మాత్రం అది ముల్లులా దిగింది. అందరూ అలసిపోవడం లేదా? తను అలసిపోవడం లేదా?

రాయదుర్గంలో అతని ఆఫీసులోనే పనిచేసే భరత్‌ది తాడిపత్రి. విడి భాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించడం అతనికి సరదా. ఒక శనివారం నరేందర్ పిలిస్తే వచ్చి, సోఫాలో కూర్చుని, సినిమాల కోసం టీవీకి తగిలించే కంప్యూటరుకు ఏం కొనాలో ఏం ఆపాలో తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు.

"అన్నీ ఇప్పుడే కొనాల్సిన పని ల్యాదన్నా. ఇల్లు కట్టేటోడు మిద్దె మీద మిద్దె తర్వాతెప్పుడో ఏసుకుంటాడు, పునాది మాత్రం ముందే గట్టిగా ఏసుకుంటాడు గదా, ఇదీ అంతే. మదర్‌బోర్డు, పవర్ సప్లై, ఈ రెండిటికాడ పీనాసితనం చేయొద్దు. బొమ్మ చూపించే గ్రాఫిక్స్ లోపలే ఉండే ప్రాసెసర్ తీసుకుంటే, సినిమాలకు అది చాలు. వేరే కార్డు వచ్చే ఏడు కొనుక్కో, దానికి జాగా వదిలిపెడదాం. మెమరీ ఇప్పుడొకటి పెట్టు, పక్క గాడి ఖాళీగా ఉండనీ. స్పీకర్లు కూడా ముందర రెండు. ఎనక పెట్టేటివి తర్వాత."

"ఆ కార్డు కూడా ఇప్పుడే కొంటుంటి తమ్మీ" అన్నాడు నరేందర్. అప్పుడే వంటగదిలోంచి టీ కప్పులతో ప్రశాంతి వస్తోంది. ఆమె వస్తోందని తెలిసే, గొంతు తగ్గించకుండానే అన్నాడు. "మీ వదిన ఉద్యోగం ఇడిసిపెట్టకుంటే అన్ని ఒక్కసారే అయిపోతుండె. ఏం జేస్తం, మేడం అలసిపోయిండ్రు."

ప్రశాంతి ముఖంలో ఏ మార్పూ లేదు. కప్పులు బల్ల మీద పెట్టింది. విననట్టు నటిస్తోంది అనుకున్నాడు నరేందర్. ఆ మౌనం అతన్ని ఇంకా చిర్రెత్తించింది. భరత్ మాత్రం ఇబ్బందిగా కదిలాడు. కప్పు అందుకుని, పూర్తిగా ఆమె వైపు తిరిగి, ఒక్కో మాటా నిదానంగా పలుకుతూ, "టీ బాగుంది వదినా. ఏలక్కాయ ఏసినారా?" అన్నాడు. ఆమె నవ్వి తలూపింది. సీమవాళ్ల మర్యాద కాబోలు అనుకున్నాడు నరేందర్.

సామాను ఒక్కొక్కటే వచ్చింది. పెద్ద టీవీ గోడకెక్కింది. రెండు వారాల తర్వాత, మరో శనివారం మధ్యాహ్నం, బువ్వ తిన్నాక హాల్లో నేల మీద దుప్పటి పరిచి అన్నీ తనే బిగించాడు. పెట్టె చిన్నది, వేళ్లు సరిగా దూరవు. చెయ్యి గీసుకుంది. మొదటిసారి మీట నొక్కితే ఏమీ రాలేదు. మెమరీ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాక, గోడ మీది పెద్ద టీవీలో వెలుగొచ్చింది. "వచ్చింది! ప్రశాంతీ, వచ్చింది!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. ఆమె వచ్చి సంతోషంగా చూసింది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

"ఇగ సౌండ్ చూద్దాం. నువ్వు సోఫాల నడుమ కూసో. ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పు" అన్నాడు.

తెర మీద రెండు స్పీకర్ల బొమ్మలున్నాయి. ఏ స్పీకరు మోగుతుంటే ఆ బొమ్మ వెలుగుతుంది. నరేందర్ టీవీ బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని నొక్కాడు. కుడి బొమ్మ వెలిగింది, కుడి స్పీకరు గుర్రుమంది.

"కుడి వచ్చింది" అంది ప్రశాంతి.

మళ్లీ నొక్కాడు. ఎడమ బొమ్మ వెలిగింది. చప్పుడు లేదు.

"ఎడమ వచ్చింది."

"ఏడ వచ్చింది? జర మనసు పెట్టి వినరాదు?"

"వచ్చిందంటున్న గదా" అంది ఆమె.

వంగి చూస్తే ఎడమ స్పీకరు తీగ నేల మీద పడి ఉంది. తగిలించడమే మరిచిపోయాడు. నరేందర్‌కు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి బిగిస్తే, కనీసం చెవిపెట్టి వినాలని కూడా లేదన్నమాట, ఊరికే ఊఁ కొడుతోంది. ఆ అశ్రద్ధను పట్టుకుని కడిగేయాలనిపించింది. ఆమెకు కనపడకుండా కుడి తీగ కూడా పీకేశాడు.

"ఇప్పుడు చెప్పు."

కుడి బొమ్మ వెలిగింది. "కుడి." ఎడమ బొమ్మ వెలిగింది. "ఎడమ. మస్తుగ వస్తుంది" అంది ఆమె నవ్వుతూ.

అతను తల తిప్పి చూశాడు. ఆమె అశ్రద్ధగా లేదు. సోఫా అంచున ముందుకు వంగి, కళ్లు చికిలించి, తెరనే చూస్తోంది. పరీక్ష హాల్లో పక్కవాడి కాగితం చూసి రాస్తున్న పిల్లలా ఉంది ఆమె ముఖం. అప్పటికే అతనికి అర్థమైపోయింది. అక్కడితో ఆపేయొచ్చు. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చోవచ్చు. కానీ ఆపలేదు. రిమోట్ తీసి టీవీ ఆర్పేశాడు. ఆమెకు వీపు పెట్టి, మామూలు గొంతుతో అడిగాడు.

"ప్రశాంతీ, నీకు వినపడ్తలేదా?"

అతని గొంతు లీలగా తగిలిందేమో, వెనక నుంచి జవాబు వచ్చింది.

"ఆఁ, వచ్చింది."

అతను వెనక్కి తిరిగాడు. రెండు తీగలూ చేతిలోనే ఉన్నాయి. ఆమె ఆ తీగలు చూసింది, నల్లగా ఉన్న తెర చూసింది, అతని ముఖం చూసింది. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అయిందా పరీక్ష?" అంది.

నరేందర్ తీగలు కింద పడేసి వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. "ఎప్పటి నుంచి?" అన్నాడు.

"మూడేండ్లయితుంది. మొదలు గింత గింత. ఫోన్ల మాట కలిసిపోతుండె. తర్వాత మీటింగులల్ల. ముఖం కనపడితే పెదవులు చూసి పట్టుకుంట. ఇప్పుడు ఎవ్వరు కెమెరాలు పెడ్తలేరు గదా. ఒకరోజు క్లయింటు ఒకటి అడిగితే నేను ఇంకోటి చెప్పిన. అందరు ఊకున్నరు. మా మేనేజర్ తర్వాత మెసేజ్ పెట్టిండు, ఏమైంది నీకు అని. ఆ నెలనే ఇడిసిపెట్టిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్దామనే అనుకున్న." ఆమె చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "మీ మధుకర్ అన్న వాళ్ల గృహప్రవేశం యాదికుందా? ఆ రోజు ఇంటికొచ్చినంక చెప్దామని మనసుల పెట్టుకున్న. అక్కడ నువ్వు నన్ను పిలిస్తే నాకు వినపడలే. అందరి ముంగట అన్నవ్, 'మా ఆమెకు పదిసార్లు చెప్పాలె, చెవిటి మాలోకం' అని. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఇగ ఆ తర్వాత నిజంగనే చెవుడని ఎట్ల చెప్పాలె నరేందర్?"

అతనికి గుర్తుంది. బాగా గుర్తుంది. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా నవ్వితే, మంచి మాట పడిందని గర్వపడ్డాడు కూడా. ఆ తర్వాత ఆ మాట ఇంకో రెండు చోట్ల వాడాడు.

"తప్పయింది" అన్నాడు. ఆ మాట అతని చెవికే చాలా చిన్నదిగా వినిపించింది. ఆమెకు వినిపించిందో లేదో తెలియలేదు. మళ్లీ గట్టిగా అనబోతే, ఆమె చెయ్యెత్తి ఆపింది. "చూసిన. ఒర్రకు."

సాయంత్రం ఆమె కింద పార్కులో నడవడానికి వెళ్లినప్పుడు భరత్‌కు ఫోన్ చేశాడు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు. విషయం చెబితే భరత్ ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే ఎర్కనా?" అడిగాడు నరేందర్.

"మా పెద్దమ్మ ఓబులమ్మకు ఇట్లనే ఉండెన్నా. ఆమెతో మాట్లాడేటప్పుడు ముఖం చూపించి మాట్లాడాల. వదిన మన నోరు చూస్తాంటే మొదటి రోజే అర్థమాయె. నీకు తెలిసే ఉంటాదనుకున్నా." కొంచెం తటపటాయించాడు. "నిజం చెప్తా, ఏమనుకోవద్దు. ఆ రోజు టీ తెచ్చినప్పుడు నువ్వన్న మాట ఉంది సూడు, ఆయమ్మకు వినపడదని తెలిసి అట్లా అంటాండావేమో అనుకున్నా. ఏం మనిషప్పా అనుకుంటా ఇంటికి పోయినా."

ఫోన్ పెట్టేశాక నరేందర్ బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాడు. ఆమెకు వినపడుతుందనే అతను అన్నాడు. వినపడదని తెలిసి అన్నాడనుకున్నాడు భరత్. ఏది నిజమైనా తను మంచివాడిగా తేలడం లేదు. కింద ప్రశాంతి ఒక్కతే నడుస్తోంది. వెనక నుంచి సైకిళ్ల మీద పిల్లలు గంట కొడుతూ వస్తే, వాళ్లు పక్క నుంచి దూసుకుపోయేదాకా ఆమె తిరిగి చూడలేదు. ఇలాంటివి ఎన్నిసార్లు చూశాడో తను. చూసి, పరాకు మనిషి అనుకున్నాడు.

సోమవారం సెలవు పెట్టి కొండాపూర్‌లో చెవుల దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక చిన్న అద్దాల గదిలో ప్రశాంతిని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగారు. చప్పుడు వినపడితే చేతిలో మీట నొక్కాలి. అద్దం ఇవతల నరేందర్ కూర్చున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి ఏదో తిప్పుతూనే ఉంది, ప్రశాంతి చేతి వేలు మాత్రం కదలడం లేదు. ఆ గదిలో ఊదా రంగు లైటు తప్ప చూసి చెప్పడానికి ఇంకేమీ లేదు. ఆమె కళ్లు మూసుకుంది. అతను తల దించుకున్నాడు.

నరాల బలహీనత, తగ్గేది కాదు, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటే చాలావరకు నెట్టుకురావచ్చు అని చెప్పింది డాక్టరమ్మ. తర్వాత నరేందర్ వైపు చూసి అడిగింది. "ఇంత ముదిరేదాకా ఇంట్లో ఎవరూ గమనించలేదా అండి?"

నరేందర్ నోరు తెరిచేలోగా ప్రశాంతి అందుకుంది. "మా ఇంట్ల మస్తు చప్పుడుంటది మేడం. తెలువదు."

ఆమె తనను కాపాడింది. తిట్టి ఉంటే తేలికయ్యేది. దారిలో కారు నడుపుతూ అతను రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, చూసిందో లేదో తెలియదు.

ఇంటికి రాగానే అతను ఆ కొత్త కంప్యూటరు తీగలు పీకడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్?" అంది ప్రశాంతి.

అతను ఆమె వైపు తిరిగి చెప్పాడు. "అమ్మేస్త. నాకు సినిమా వద్దు, ఏం వద్దు."

"ఎందుకు? నాకు వినపడదని నీకు శిక్షనా? రేపటి నుంచి ఆ ఖాళీ గోడను చూసుకుంట నువ్వు ఏడుస్తవ్, నిన్ను చూసుకుంట నేను పరేషాన్ గావాలె. నీ పాపం కడుక్కునేదానికి నన్ను బకెట్ లెక్క వాడకు." ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. "కోపం నాకున్నది. అది నేను తగ్గించుకున్నప్పుడు తగ్గుతది. అప్పటిదాంక నువ్వు జర ఓపిక పట్టు. అంతే."

అతను తీగలు వదిలేశాడు.

"ఇంకోటి" అంది ఆమె. "నా చెవుల సంగతి ఎవరికి చెప్పాలె, ఎప్పుడు చెప్పాలె, నేను చూసుకుంట. మీ అమ్మకు గూడ నువ్వు చెప్పొద్దు. ఇగ దీనికి ముంగటికి ఏమేం కొంటవో అది గూడ ఇద్దరం కూసోని అనుకుందాం. ఇంతదాంక నన్ను ఒక్కమాట అడిగినవా? వెనక స్పీకర్లు నాకెందుకు? తెర కింద మాటల అక్షరాలు పెద్దగ, సాఫ్‌గ కనపడాలె నాకు. దానికేం కావాలె?"

దానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. సెట్టింగుల్లో రెండు చోట్ల మారిస్తే చాలు. ఇన్నాళ్లూ ఆమె పాత చిన్న టీవీకి అంత దగ్గరగా కూర్చుని సన్నటి అక్షరాలు చదువుకున్నది అందుకేనని తలుచుకుంటూ, నరేందర్ ఆ రెండు మార్పులూ చేశాడు.

మిషన్లు వచ్చిన మొదటి వారం ఆమెకు నరకంగానే గడిచింది. గిన్నెల మోత, మిక్సీ, కారు హారన్లు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. తీసి పక్కన పెట్టేది, కాసేపటికి మళ్లీ పెట్టుకునేది. ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసి ఒక పాత సినిమా పెట్టుకున్నారు. కాసేపటికి ప్రశాంతి భృకుటి ముడిచింది.

"సినిమాల ఈగ ఉన్నదా? ఏదో గుయ్యిమంటుంది."

నరేందర్ సినిమా ఆపాడు. చప్పుడు ఆగలేదు. ఆమె లేచి, తల అటూ ఇటూ తిప్పుతూ, హాలంతా వెతుక్కుంటూ వెళ్లి, కంప్యూటరు పెట్టె దగ్గర వంగింది. "ఇగో, దీంట్లకెల్లి!"

లోపల గాలి తిప్పే ఫ్యాను అది. ఖర్చు తగ్గుతుందని అతనే అన్నిటికన్నా చవకది ఎంచుకున్నాడు. "ఎవరికి వినపడుతదిలే అనుకున్న" అన్నాడు. అన్నాక ఆ మాట ఎలా ఉందో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

ప్రశాంతి అతన్ని తేరిపార చూసింది. నవ్వలేదు, తిట్టలేదు.

"నాకు వినపడుతుంది" అంది. "మార్చు."

"ఇప్పుడే పోయి తెస్త" అని నరేందర్ లేచి కారు తాళాలు తీసుకున్నాడు. దుకాణాలు ఇంకా తెరిచి ఉండవని గుమ్మం దాటాక గుర్తొచ్చింది. అయినా వెనక్కి రాలేదు.