ముసలాడు వదిలేశాడు

మా ఆయనకీ మా మరిదికీ కలిపి ఒక ఫొటో స్టూడియో, రెండు కెమెరాలు, అదుపులేని నోళ్ళు రెండు ఉన్నాయి.

ఆ మధ్య కెమెరా కొట్టువాళ్ళు వాడి చూడమని ఒక కొత్త జూమ్ లెన్స్ ఇచ్చారు. మా దగ్గర పాతది ఉండనే ఉంది. దూరాన్ని దగ్గరికి లాగడంలో రెండూ ఒకటే. తేడా అంతా ఫోకస్ తిప్పే మోటారులో. పాతదానికి సొంత మోటారు లేదు. కెమెరాలో ఉన్న మోటారే చిన్న ఇనప పుల్లతో దాన్ని తిప్పాలి. తిప్పినంతసేపూ మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టు గరగరలాడుతుంది. కొత్తదాని మోటారు దాని కడుపులోనే ఉంటుంది, పిల్లి నడిచినంత చప్పుడు కూడా చెయ్యదు. అన్నదమ్ములిద్దరూ పాతదానికి ముసలాడనీ కొత్తదానికి కుర్రాడనీ పేర్లు పెట్టుకున్నారు. ఫోకస్ దొరికితే "పట్టాడు", జారిపోతే "వదిలేశాడు". ఏది మేలో తేల్చడానికి బాక్సింగ్ పోటీని ఎంచుకున్నారు. పెరట్లో కోళ్ళు పరిగెడుతున్నాయి కదా, వాటిని తియ్యండి అన్నాను. వినలేదు.

పోటీ మా వీధి చివరి బాక్సింగ్ హాల్లో. అక్కడ పిల్లలకు నేర్పే మాస్టారూ, ఆయన చేతికింద తయారైన శిష్యుడూ తలపడ్డారు. మాస్టారికి కణతలు నెరిశాయి, శిష్యుడికి మీసం ఇంకా కుదురుకోలేదు. దవడ మీద పడ్డ ఒక్క గుద్దుకి మాస్టారు వెల్లకిలా పడిపోయారు. ఓడిపోయినా నవ్వుతూనే లేచారు. అంతటితో అయిపోవలసిన కథ.

మర్నాడు పొద్దున్నే, మరిది తీసిన వీడియోని హాల్లో అందరి ముందూ పెద్ద తెర మీద వేశారు. మాస్టారు పడేముందు జనం ఊపిరి బిగబట్టిన చోట మా ఆయన గొంతు గంట కొట్టినట్టు వినిపించింది.

"వదిలేశాడ్రా ముసలాడు! పట్టినట్టే పట్టి కావాలని వదిలేశాడు. ఇంక వీణ్ణి నమ్మకూడదు."

ఇన్నాళ్ళూ వీడియోకి కూడా ముసలాడినే వాడేవారు. కెమెరా నెత్తిన ఉన్న మైకులో వాడి గరగర తప్ప మరేమీ పడేది కాదు. ఆ చాటున మా ఆయన ఎందరు పెళ్ళికొడుకులని ఏమేం అన్నారో భగవంతుడికే తెలియాలి. ఈసారి వీడియో కెమెరాకి కుర్రాణ్ణి తగిలించారు. పక్కనే నిలబడి ముసలాడితో ఫొటోలు తీస్తూ మా ఆయన అలవాటుగా గొణిగారు. కుర్రాడు కిమ్మనకుండా ఆయన్ని పట్టించేశాడు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు మా స్టూడియోకి వచ్చారు. తలుపు తోశారనడం మర్యాద. అద్దం పగిలి గుమ్మం నిండా పడింది.

"ఎవడ్రా ముసలాడు?"

మా ఆయన నిజాయితీగా బల్ల మీది లెన్స్‌ని చూపించారు. "అదుగోనండీ, వాడే."

వేళాకోళం అనుకున్నారాయన. మొదటి గుద్దు ముక్కు మీద పడింది. చెరుకు విరిచినట్టు చప్పుడైంది. రెండోది పెదవి మీద. మా ఆయన గోడకి జారి కూలబడుతుంటే కాలర్ పట్టుకుని మళ్ళీ నిలబెట్టారు, మూడోదానికి వీలుగా. మరిది లైటు స్టాండు ఎత్తి మాస్టారి వీపు మీద బాదాడు. ఆయన వెనక్కి తిరక్కుండానే మోచేతితో ఒక్క పోటు పొడిచారు. మరిది వెనకున్న నీలి పరదాని చుట్టుకుని పరదాతో సహా నేలకు దిగాడు.

"వదినా! పోలీసులు!" అన్నాడు పరదాలోంచి.

"ముందు నువ్వు బయటికి రా," అన్నాను.

మాస్టారి పిడికిలికీ మా ఆయన మొహానికీ మధ్య నిలబడ్డాను. ఆయన పిడికిలి మీద రక్తం మా వాళ్ళదే. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆయనవే.

"పక్కకి జరుగమ్మా. పొద్దున్నించీ ఒక్క పిల్లాడు నా మొహం చూడలేదు. డబ్బు తీసుకుని కావాలని ఓడాడు, అమ్ముడుపోయాడంటున్నారు. సాయంత్రం నన్ను తీసెయ్యాలా ఉంచాలా అని హాలు ఓనరు తేలుస్తాడట. పిల్లలకి నేర్పడం తప్ప నాకేం వచ్చు?"

"మా ఆయన అన్నది మిమ్మల్ని కాదు మాస్టారూ. లెన్స్‌ని."

"లెన్స్ ముసలాడా?"

"మీరు మళ్ళీ గుద్దండి. ఈయన్ని కాదు, గాలిని. తర్వాత మీ ఇష్టం."

మా ఆయన ముక్కులో దూది కుక్కి, ఆయన చేతికి ముసలాణ్ణి తగిలించిన కెమెరా ఇచ్చాను. మాస్టారు అనుమానంగానే రెండు చేతులూ ఎత్తి, గాలిలో గుద్దులు విసురుతూ ముందుకొచ్చారు. లెన్స్ గర్రుమంది, ముందుకి పోయింది, వెనక్కి పోయింది. ప్రాణం మీదికొచ్చినా పోని అలవాటు మా ఆయనది. "పట్టాడు, పట్టాడు... ఛీ, వదిలేశాడు ముసలాడు!" అన్నారు.

మాస్టారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చెయ్యి దించి, "నేను నమ్మాను. వాళ్ళు నమ్మాలిగా. నడు," అన్నారు.

సాయంత్రం హాల్లో అందరి ముందూ అదే పరీక్ష చేసి చూపించాం. పిల్లలు అటూ ఇటూ చూశారు. ఓనరు పళ్ళు కుట్టుకుంటూ, "కథ బాగుంది" అన్నాడు. అంతలో శిష్యుడు రింగు తాళ్ళ మీంచి దూకి వచ్చాడు.

"లెన్స్ సంగతి నాకనవసరం. ఆయన నా దెబ్బకి పడ్డాడా, పడ్డట్టు నటించాడా? నేను గెలిచానా లేదా? మాస్టారూ, రండి. ఇప్పుడే తేలిపోవాలి."

మాస్టారు చొక్కా విప్పారు. నాకు అప్పుడు వెలిగింది, ఆయన ఎంత చెడ్డ ఇరుకులో పడ్డారో. గెలిస్తే, నిన్న కావాలనే పడ్డాడంటారు. తేలిగ్గా పడితే, మళ్ళీ అమ్ముడుపోయాడంటారు. మిగిలింది ఒక్కటే దారి. ఒళ్ళంతా పెట్టి కొట్టి, ఒళ్ళంతా హూనమై ఓడాలి. అది ఆయనకి నాకంటే ముందే తెలిసినట్టుంది, గ్లవ్స్ కట్టుకోబోతూ మెడలోని గొలుసు తీసి నా చేతికిచ్చారు.

మాస్టారు కొట్టిన మొదటి దెబ్బకే శిష్యుడి కనుబొమ చీలింది. రక్తం కంట్లోకి కారి వాడు గుడ్డిగా చేతులు విసిరాడు. ఆయన వదల్లేదు. డొక్కలో గుద్దారు, వాడు వంగితే కింది నుంచి గడ్డం మీద గుద్దారు. వాడి నోట్లోంచి రక్తపు ఉమ్మి ఎగిరి ముందు వరస పిల్లల మొహాల మీద పడింది. ఓనరు పళ్ళు కుట్టుకోవడం మానేశాడు. నటించేవాడు ఇలా కొట్టడని ఆ గదిలో అందరికీ అర్థమైంది.

శిష్యుడు కంట్లో రక్తం తుడుచుకున్నాడు. వాడి వయసు వాడికి గుర్తొచ్చింది. మాస్టారి పక్కటెముకల మీద వరసగా తగిలిన దెబ్బలకి తడి బట్ట బండకేసి బాదినట్టు చప్పుళ్ళొచ్చాయి. మాస్టారి ఎడమ కన్ను మూసుకుపోయింది. తాళ్ళకి ఆనుకున్నారు, మళ్ళీ వచ్చారు. మోకాలి మీద పడ్డారు, మళ్ళీ లేచారు. "చాలు మాస్టారూ!" అని ఎవరో పిల్ల ఏడుస్తూ అరిచింది. ఆయన తల అడ్డంగా ఊపి చేతులెత్తారు. శిష్యుడి కుడి చెయ్యి దవడ మీదికి దిగింది. ఈసారి ఆయన బొక్కబోర్లా పడ్డారు, చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శిష్యుడు గ్లవ్స్‌తోనే ఆయన్ని వెల్లకిలా తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మాస్టారూ, కళ్ళు తెరవండి. చంపేశాను రా దేవుడా!"

మాస్టారు ఒక కన్ను తెరిచారు, రెండోది తెరుచుకునే స్థితిలో లేదు. విరిగిన పన్ను పక్కకి ఉమ్మారు.

"చంపలేదు గానీ, వెధవా, గుద్దేటప్పుడు ఎడమ చెయ్యి ఎందుకు దించావు? నా రెండో కన్ను బాగుంటే ఇప్పుడు నువ్వుండేవాడివి నా ఒళ్ళో."

పిల్లలు ఒక్కొక్కరే తాళ్ళ కింద నుంచి దూరి రింగులోకి వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఓనరు తలవంచుకుని నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. మాస్టారు పడుకునే ఉండి చేతిని గాలిలోకెత్తి, ఎడమ చెయ్యి ఎక్కడుండాలో చూపించడం మొదలుపెట్టారు.